కార్పొరేటర్‌ని మార్చాలా?

"కార్పొరేటర్‌ని మార్చేయాలి సార్, వీడితో ఇంక కాదు" అన్నాడు కుర్రాడు, బానెట్ కిందనుంచి తల ఎత్తకుండానే. పక్కన బల్లమీద టీ తాగుతున్న పెద్దమనిషి ఉలిక్కిపడి ఇటు చూశాడు. ఆయనది ఏ డివిజనో, ఏ పార్టీయో నాకు తెలీదు. పెట్రోల్ని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే భాగం కార్బరేటర్. విజయవాడ ఆటోనగర్‌లో సగంమంది నోట అది ఎప్పుడూ కార్పొరేటరే. చిన్నప్పటినుంచీ వింటున్నాను కాబట్టి నాకు నవ్వు రాలేదు. ఆలోచిస్తే పేరు బాగానే కుదిరింది. పైనుంచి వచ్చింది కిందివాళ్లకి పంచడమే ఇద్దరి పనీ. లీకేజీలూ ఇద్దరి దగ్గరా ఉంటాయి.

మా బండి 1984 అంబాసిడర్, పెట్రోలుది. మా వీధిలో మిగతా అంబాసిడర్లన్నీ ఒకటొకటిగా డీజిల్ ఇంజన్లు వేయించుకుని గుడగుడమంటూ తిరుగుతున్న రోజుల్లో నాన్న ఒక్కడే ఒప్పుకోలేదు. లీటరుకి ఎనిమిదీ తొమ్మిదీ ఇచ్చే బండిని అలాగే ఉంచాడు. ఆయన పోయాక బండి నాకు వచ్చింది. ఆదివారం ఉదయం బయటికి తీసి, కరకట్ట మీదుగా ఓ పాతిక కిలోమీటర్లు తిప్పి తెచ్చి పెడతాను. ఏడాదికి ఒకట్రెండుసార్లు గుంటూరు, ఏలూరు. అంతకుమించి దానికి పని లేదు.

పోయిన వేసవినుంచి బండి కదిలేటప్పుడు తడబడటం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, తర్వాత తోస్తుంది. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడిందంటే ఐడిలింగ్ నిలబడదు, ఆగిపోతుంది. వెనకాల ఆటోవాళ్ల హారన్లు. నలభై రెండు డిగ్రీల ఎండలో సెల్ఫ్ కొడుతూ కూర్చోవడంలోని టెన్షన్ అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఇక సలహాలు వచ్చాయి. బండిమీద ఉన్నది సోలెక్స్ అనే రకం కార్బరేటర్. ఆటోనగర్ కుర్రాడు మారుతి కార్బరేటర్ వేసేద్దామన్నాడు, సగం రోజు పని, మైలేజీ కూడా పెరుగుతుందని. టెక్సస్‌లో ఉన్న మా బావ, "పాత సోలెక్స్‌తో ఏం బావుకుంటావురా, వెబర్ తెప్పించు" అన్నాడు, అది ఇటలీ రకం. పాత కార్ల పిచ్చి ఉన్న హైదరాబాద్ మిత్రుడు మాత్రం ఇంగ్లీషువాళ్ల ఎస్.యు. తప్ప ఇంకేదీ ఆ ఇంజన్‌కి పెట్టకూడదని దాదాపు ప్రమాణం చేయించినంత పని చేశాడు. ముగ్గురూ వేరు వేరు పేర్లు చెప్పారు గానీ ఒక విషయంలో ఏకాభిప్రాయమే: ఉన్నది పీకెయ్యాలి.

ఆ ఏకాభిప్రాయంతోనే నా పేచీ. నాలుగు నెలలు దీనిమీద తిరిగి, కొంత డబ్బూ చాలా ఆదివారాలూ పోగొట్టుకుని నేను చేరిన చోటు ఇది. పాత బండికి కార్బరేటర్ ఎంచుకునేటప్పుడు మొదట చూసుకోవలసింది మనం రోజూ నడిపే వేగంలో దాని గొంతులో గాలి ఎంత ఉరవడిగా పోతుందని. రెండోది, దాన్ని విప్పి బిగించగల చెయ్యి మన ఊళ్లో ఉందా, దాని జెట్లు, అంటే పెట్రోల్ని కొలిచి వదిలే సన్న చిల్లుల ఇత్తడి ముక్కలు, మన చేతికి అందుతాయా అని. హార్స్‌పవరూ, పేరూ, ఒరిజినాలిటీ ఆ తర్వాత. ఇది అంత తేలిగ్గా తేలలేదు, మధ్యలో రెండుసార్లు పార్టీ మారాను.

ఇంజన్ ఆకలి ఎంత

బావ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఆయన తప్పు చేసి నేర్చుకున్న మనిషి. ఆయన దగ్గర అరవైల నాటి మస్టాంగ్ ఉంది, 289 క్యూబిక్ అంగుళాల వి-8. దానికి ఫోర్డ్ వాళ్లు నాలుగు బారెళ్ల (గాలి పోయే గొట్టాల) ఆటోలైట్ కార్బరేటర్ ఇచ్చేవాళ్లు, నిమిషానికి 480 ఘనపుటడుగుల గాలి పోయేది. బావ యూట్యూబ్ చూసి 750 అడుగులది కొని బిగించాడు. పెద్ద గొంతు, పెద్ద పవర్ అని లెక్క. సిగ్నల్ దగ్గర తొక్కితే బండి గుటకవేసి నిలబడిపోయేదట. పక్క లైన్‌లో మినీవ్యాన్ నడుపుతున్న ఆవిడ దాటి వెళ్లిపోయిందని ఇప్పటికీ మా అక్క అందరికీ చెబుతుంది.

ఎందుకలా అయిందో లెక్క వేస్తే తెలిసిపోతుంది, అయిదో తరగతి గుణకారాలు చాలు. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకి ఒకసారి తన పొట్టనిండా గాలి పీలుస్తుంది. మన అంబాసిడర్ ఇంజన్ 1489 సీసీ, అంటే లీటరున్నరకి కొంచెం తక్కువ. నిమిషానికి 4000 చుట్లు తిరిగితే 2000 సార్లు పీలుస్తుంది. పాత ఇంజన్ పూర్తిగా నిండదు, నూటికి ఎనభై వంతులు నిండుతుంది అనుకుందాం. నిమిషానికి దాదాపు 2400 లీటర్ల గాలి, అమెరికా భాషలో 84 ఘనపుటడుగులు. బావ తన కారుకి బిగించినదాంట్లో తొమ్మిదో వంతు. ఇంతకీ నేను 4000 దగ్గర ఎప్పుడు నడిపాను? నాన్న ఉన్నప్పుడు అయితే తోలు ఒలిచేవాడు. నా బండి బతుకంతా 1500, 2000 మధ్యే.

1500 దగ్గర చూద్దాం. పూర్తిగా తొక్కినా నిమిషానికి 900 లీటర్లే. కార్బరేటర్ లోపల సన్నటి నడుము ఉంటుంది, వెంచురీ అంటారు. ఆ నడుము 24 మిల్లీమీటర్లు ఉంటే గాలి అక్కడ సెకనుకి 33 మీటర్ల వేగంతో పోతుంది. 32 మిల్లీమీటర్లు ఉంటే పద్దెనిమిదిన్నర మీటర్లే. పెట్రోల్ని జెట్‌లోంచి పైకి లాగేది ఆ వేగం పుట్టించే పీలుపే, అది వేగం వర్గంతో పెరుగుతుంది. సన్న నడుములో అది ఆరు సెంటీమీటర్ల నీటిని పైకి లేపగలిగినంత. వెడల్పు నడుములో రెండు సెంటీమీటర్లే, మూడో వంతుకి పడిపోయింది. స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగేటప్పుడు స్ట్రా పక్కన చిల్లు పడితే ఎలా ఉంటుందో ఇంజన్‌కి అలా ఉంటుంది. ఎంత పీల్చినా చుక్క రాదు. వచ్చిన చుక్క కూడా సరిగ్గా తుంపరవదు, కార్బరేటర్ నుంచి సిలిండర్లకి పోయే మానిఫోల్డ్ గొట్టం గోడలకి అంటుకుని కారుతుంది.

ఇంతవరకూ లెక్క నా పక్షమే. కానీ ఇదే లెక్క పట్టుకుని వెబర్‌ని కొట్టేద్దామని చూస్తే అది దొరకలేదు. బావ చెప్పిన వెబర్ 32/36లో రెండు బారెళ్లుంటాయి, రెండూ ఒకేసారి తెరుచుకోవు. మొదటిదాని నడుము 26 మిల్లీమీటర్లే. యాక్సిలరేటర్ సగం దాటాకే రెండోది కదులుతుంది, దాని నడుము 27. అంటే ఊళ్లో చిన్న కార్బరేటర్, హైవే మీద పెద్దది. మన ఇంజన్‌కి దగ్గరి చుట్టమైన 1798 సీసీ ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు ఇంజన్‌కి దాన్ని వేసుకుని హాయిగా తిరుగుతున్నవాళ్లు ఇంగ్లండ్‌లో, అమెరికాలో బోలెడంతమంది. బావ చెప్పింది చెడ్డ సలహా కాదు. ఆయన తన తప్పునుంచి సరైన పాఠమే నేర్చుకుని నాకు చెప్పాడు. ఆ రాత్రి వెబర్‌ని ఆన్‌లైన్ కార్ట్‌లో పెట్టాను కూడా.

మరి ఎందుకు కొనలేదు? దానికో వేరే మానిఫోల్డో, మధ్యలో అడాప్టర్ పలకో కావాలి. యాక్సిలరేటర్ లింకు మార్చాలి. ఎయిర్ క్లీనర్ మార్చాలి. ఇవన్నీ చేయించుకోవచ్చు. ఆగిపోయింది జెట్ల దగ్గర. డబ్బాలో వచ్చిన జెట్లు ఎవరి ఇంజన్‌కో, ఏ వాతావరణానికో, ఏ పెట్రోలుకో సరిపోయేవి. మన బండికి సరిపడేవి కనుక్కోవాలంటే నాలుగైదు సైజులు చేతిలో పెట్టుకుని ఒకటి తర్వాత ఒకటి మార్చి చూడాలి. మెయిన్ జెట్టు, స్లో జెట్టు, ఎయిర్ జెట్టు, అవి రెండేసి బారెళ్లకి. ఒక్కోటీ విదేశం నుంచి రావాలి, రెండు వారాలు ఆగాలి, వచ్చింది అసలుదో నకిలీదో తెలీదు. సోలెక్స్‌వైతే ఆటోనగర్‌లో ఒకాయన దగ్గర పాత బోర్నవిటా డబ్బా నిండా ఉన్నాయి. ఆ డబ్బాని చూశాక వెబర్ మీద మోజు కొంచెం తగ్గింది.

మారుతి సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. 796 సీసీ ఇంజన్‌కి చేసిన గొంతు 1489 సీసీకి ఊళ్లో సరిపోతుంది, కొందరు టాక్సీవాళ్లు నిజంగానే దానితో ఏళ్లపాటు నడిపారు. చిన్నది మంచిదని ఇంతసేపూ నేనే వాదించాను కాబట్టి నాకు నోరెత్తే హక్కు లేదు. కానీ వారధి ఎక్కేటప్పుడు నలుగురు మనుషులూ, డిక్కీలో మామిడిపళ్ల బుట్టా ఉంటే ఆ బండి ఏడుస్తుంది. పైగా దాని వాక్యూమ్ పైపులు తగిలించడానికి మన ఇంజన్ మీద చోటే లేదు, బోల్టులు పెట్టి మూసేస్తారు. అది అతుకు. నాకు నచ్చదు, అంతే.

ఎస్.యు. మీద మనసు పడ్డ వారం

నన్ను నిజంగా ఊపేసింది హైదరాబాద్ మిత్రుడి వాదన. మొదట్లో ఒరిజినల్ అనే మాట పట్టుకుని వచ్చాడు, అదే నాకు గిట్టనిది. ఇంగ్లండ్‌లో అంబాసిడర్‌కి మూలమైన మారిస్ ఆక్స్‌ఫర్డ్‌కి ఎస్.యు. పెట్టారు కాబట్టి మనదానికీ అదే ఉండాలంటాడు. నా బండి పుట్టింది కలకత్తా పక్కన ఉత్తరపాడాలో. నాన్న కొన్ననాటినుంచీ దానిమీద ఉన్నది సోలెక్సే. దానికి అదే ఒరిజినల్. మేనత్త ఇంట్లో వంట ఎలా చేస్తారో చెప్పి మా ఇంటి పులుసుని సరిదిద్దినట్టుంది.

తర్వాత ఎం.జి.ఎ. స్పోర్ట్స్ కారు తెచ్చాడు. అదే 1489 సీసీ ఇంజన్, రెండు ఎస్.యు.లు, డెబ్భై చిల్లర హార్స్‌పవర్. మనది యాభై చిల్లర. "చూశావా, తేడా అంతా కార్బరేటర్‌దే" అన్నాడు. కాదు. ఎం.జి.ఎ. హెడ్ వేరు, దాని వాల్వులు పెద్దవి, అది 5500 చుట్ల దాకా తిరిగేది. కార్బరేటర్ ఇంజన్‌కి పవర్ ఇవ్వదు, ఇంజన్ అడిగినదాన్ని ఇవ్వగలదు, లేదా ఇవ్వలేదు. అడగని ఇంజన్‌కి రెండు పెడితే రెండు చోట్ల ట్యూనింగ్ చేసుకోవడమే మిగులుతుంది.

ఇలా రెండిట్లోనూ గెలిచాననుకుంటుండగా అతను అసలు మాట చెప్పాడు. ఎస్.యు.లో నడుము స్థిరంగా ఉండదు. గాలి ఎక్కువ వస్తే లోపలి పిస్టన్ పైకి లేచి దారి పెంచుతుంది, తక్కువైతే దిగి దారి సన్నం చేస్తుంది. దాంతో గాలి వేగం జెట్టు దగ్గర ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పిస్టన్ కింద ఓ సన్నటి సూది, మొదలు లావుగా కొన సన్నగా. అది పైకి లేచినకొద్దీ జెట్టు రంధ్రంలో ఖాళీ పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. నేను కాగితం మీద వేసుకున్న 24, 32 లెక్కంతా దాని ముందు వృథా. ఏ వేగానికి ఎంచుకోవాలన్న ప్రశ్ననే అది ఎత్తేసింది. కనిపెట్టినవాళ్లు స్కిన్నర్లు, చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. మొదట్లో పిస్టన్ బదులు తోలుతిత్తి వాడారట. కంసాలి కొలిమి తిత్తి లాంటిది కార్బరేటర్‌లో ఉందని విన్నప్పుడు నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

ఇంకో సుగుణం. ఎస్.యు. కింద ఒక నట్టు ఉంటుంది. దాన్ని తిప్పితే జెట్టు కిందికి దిగి, ఐడిలింగ్ నుంచి ఫుల్ స్పీడ్ దాకా మొత్తం మిశ్రమంలో పెట్రోలు పాలు పెరిగి చిక్కబడుతుంది. స్పేర్ జెట్ల డబ్బా అక్కర్లేదు. ఇది నా వాదనకి పెద్ద దెబ్బ. జెట్లు దొరకాలి, దొరకాలి అని వెబర్‌ని కాదన్నవాణ్ని, జెట్టే మార్చనవసరం లేనిదాన్ని ఎలా కాదనను?

వారం రోజులు ఎస్.యు. కోసం తిరిగాను. కొత్తవి ఇంగ్లండ్‌లో ఇప్పటికీ తయారవుతున్నాయి, కస్టమ్స్‌తో కలిపి ధర విన్నాక మా ఆవిడకి చెప్పలేదు. ఇక్కడ పాతసామాన్లలో ఒకటి దొరికింది. పిస్టన్ గదిలో ఎప్పుడో కిందపడ్డ నొక్కు, ఆ నొక్కు దగ్గరకి రాగానే పిస్టన్ పట్టేస్తోంది. యాక్సిలరేటర్ తొక్కితే గాలిదారి తెరిచే పలక ఇరుసు, థ్రాటిల్ షాఫ్టు, పైకీ కిందికీ ఊగుతోంది. అమ్మేవాడు అందులో ఆయిల్ పోయాలని కూడా ఎరగడు. నాకు తెలిసిన మేస్త్రుల్లో ఎస్.యు. విప్పి సూది మధ్యకి కూర్చోబెట్టగలిగినవాళ్లు ఇద్దరే, ఒకాయనకి చూపు తగ్గింది. మంచిది దొరికుంటే ఈపాటికి ఈ వ్యాసం ఇంకోలా ఉండేది, ఆ మాట దాచుకోను.

పెట్రోలు మారింది కదా

ఇప్పుడు నా వాదనలో ఇంకో చిక్కు. "ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచు, కంపెనీవాడు తెలివితక్కువవాడా" అనే వర్గం ఒకటుంది. నాన్న ఆ వర్గమే. నేనూ ఆ వైపే మొగ్గుతున్నానని మీకు అనిపించవచ్చు. కానీ 1984లో కంపెనీవాడు జెట్టు సైజు నిర్ణయించింది అప్పటి పెట్రోలుకి. ఇప్పుడు బంకులో పోస్తున్నది అది కాదు, అందులో 20 శాతం ఇథనాల్.

మామూలు పెట్రోలు సరిగ్గా మండటానికి ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి కావాలి, బరువు లెక్కన. ఇథనాల్‌కి 9 చాలు, ఎందుకంటే ఆక్సిజన్ కొంత అది తనతోనే తెచ్చుకుంటుంది. 20 శాతం కలిస్తే ఈ అంకె 13.5 దగ్గరికి వస్తుంది. అంటే అదే గాలికి దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. కొత్త కార్లలో సైలెన్సర్ దగ్గర సెన్సర్ ఉండి, కంప్యూటర్ తనే సర్దుకుంటుంది. మన సోలెక్స్‌కి కంప్యూటర్ లేదు, ఇత్తడి జెట్టే దాని మెదడు. దానిమీద 120 అని కొట్టి ఉంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లని అర్థం. రంధ్రం వైశాల్యం వ్యాసం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 120 తీసి 125 పెడితే ఎనిమిదిన్నర శాతం ఎక్కువ పోస్తుంది. కావలసింది ఇంచుమించు అదే.

అక్కడ నాకు దారి దొరికిందనుకున్నాను. బోర్నవిటా డబ్బాలోంచి 125 జెట్టు ఏరుకుని, గర్వంగా మా పాత మేస్త్రిగారి దగ్గరికి వెళ్లాను. నాన్న రోజుల నుంచీ బండి చూసిన మనిషి, ఇప్పుడు షెడ్డు కొడుక్కి ఇచ్చేసి కుర్చీలో కూర్చుంటున్నాడు. నా లెక్క అంతా విన్నాడు. "ముందు నీ పాత జెట్టు కొలిచావా బాబూ?" అన్నాడు.

దానిమీద 120 అని ఉంది కదా మేస్త్రిగారూ అన్నాను. డ్రిల్ బిట్ల పెట్టె తెప్పించి, 1.25 బిట్టు వెనకవైపు తోకని ఆ 120 జెట్టులోకి పెట్టాడు. సాఫీగా దిగిపోయింది. ఎప్పుడో ఎవడో కుర్రాడు జెట్టు మూసుకుపోయిందని ఇనప తీగతో గీకాడు. నలభై ఏళ్లలో ఎంతమంది గీకారో. ఇథనాల్‌కి చేయాల్సిన మార్పు ప్రభుత్వం ఇథనాల్ అనకముందే మా బండిలో జరిగిపోయింది. నేను వారం కూర్చుని వేసిన లెక్కకి ఒక తీగముక్క సరిగ్గా సమాధానం చెప్పింది.

కానీ అప్పుడు ప్రశ్న ఇంకా ముదిరింది. జెట్టు పెద్దదయ్యే ఉంటే మిశ్రమం పలచబడకూడదు. మరి ప్లగ్గులు విప్పితే, పెట్రోలు చాలనప్పుడు అయ్యేలా, సున్నం కొట్టినట్టు తెల్లగా ఎందుకున్నాయి?

షాఫ్టు

మేస్త్రిగారి పద్ధతి ఒకటుంది, ముందు కరెంటు, తర్వాత పెట్రోలు. కార్బరేటర్ జోలికి వెళ్లకముందే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీయించి, పాయింట్లు చూసి, కండెన్సర్ మార్పించాడు. సిగ్నల్ దగ్గర ఆగిపోవడం సగం అక్కడే తగ్గింది. ముగ్గురు సలహాదారుల్లో ఒక్కడూ కండెన్సర్ పేరెత్తలేదు, నేనూ ఎత్తలేదు. నలభై రూపాయల డబ్బీకి కథ ఉండదు కదా. వెబర్‌కి ఇటలీ ఉంది, ఎస్.యు.కి తోలుతిత్తి ఉంది.

తర్వాత ఇంజన్ నడుస్తుండగా చిన్న సిరంజితో కార్బరేటర్ కింద థ్రాటిల్ షాఫ్టు చివర రెండు చుక్కల ఆయిల్ పెట్టాడు. తడబడుతున్న ఐడిలింగ్ ఒక్కసారిగా కుదురుకుంది. ఆయిల్ లోపలికి పోగానే మళ్లీ మొదలు. షాఫ్టు కొనని రెండు వేళ్లతో పట్టుకుని ఊపమన్నాడు. ఊగింది. నలభై ఏళ్లు యాక్సిలరేటర్ ఒకవైపుకే లాగి లాగి ఆ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. ఆ సందులోంచి కొలతలేని గాలి లోపలికి పోతోంది. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడే లోపల పీలుపు ఎక్కువ కాబట్టి ఐడిలింగ్‌లోనూ, అప్పుడే తొక్కేటప్పుడూ దెబ్బ ఎక్కువ. జెట్టు ఎంత పెద్దదైనా ఆ సందుని పూడ్చలేదు. ఐడిలింగ్ సర్దే స్లో స్క్రూ తిప్పి తిప్పి ఆ లీకుని కప్పిపుచ్చుతూ వచ్చాం, ఏళ్లతరబడి.

లేత్ దగ్గర ఆ రెండు రంధ్రాలూ పెద్దవి చేయించి, కంచు బుష్‌లు దించి, కొత్త షాఫ్టు టర్నింగ్ చేయించాం. బాడీ మెత్తటి జింకు పోత. కొంచెం గట్టిగా బిగిస్తే పగులుతుందని ఆ లేత్ ఆయన రెండు గంటలు మాట్లాడకుండా పనిచేశాడు. కిందిముఖం వంగిపోయి ఉంటే అద్దం మీద ఎమరీ కాగితం పరిచి రుద్దాం. పంపు డయాఫ్రం కొత్తది, ఫ్లోట్ నీడిల్ కొత్తది, ప్యాకింగులు కొత్తవి. మొత్తం రెండు వేల ఆరువందలు, టీలు కాకుండా. ఇంజన్ పీలుపు కొలిచే వాక్యూమ్ గేజి తగిలిస్తే ముందు 14 అంగుళాల దగ్గర వణికే ముల్లు 18 మీద నిలబడింది. గీకిన 120 తీసి, కొలిచి చూసుకున్న 125 పెట్టాను. ఒకటే సైజు అయినా సరే, అంకె అబద్ధం చెప్పే జెట్టు నాకొద్దు.

"మళ్లీ పాత కార్పొరేటరే గెలిచాడన్నమాట" అన్నాడు కుర్చీలోంచి మేస్త్రిగారు.

గెలిచాడు నిజమే, కానీ ఈ ఫలితాన్ని అందరికీ అంటగట్టడం నాకు ఇష్టం లేదు. నాకు ఆటోనగర్ పక్కన ఉంది. లేత్ ఆయన ఉన్నాడు, బోర్నవిటా డబ్బా ఉంది, ఊరంతా తెలిసిన మేస్త్రి ఉన్నాడు. ఇవేవీ లేని బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో అంబాసిడర్ పెట్టుకున్నవాడికి, అడ్డంగా పగిలిన సోలెక్స్ ఉన్నవాడికి నేను ఇదే చెబితే అది మొండితనం. వాడికి ఫోన్‌లో ఆర్డర్ చేస్తే విడిభాగాలన్నీ వచ్చే వెబరే దగ్గరి చుట్టం కావచ్చు. ఇంజన్ బోరింగ్ చేయించి, హెడ్ మార్చి, కామ్ మార్చి ఎక్కువ చుట్లు తిప్పేవాడి ఆకలీ వేరు. నా సొంత కొలబద్ద ప్రకారమే వాళ్లకి వేరే జవాబు వస్తుంది, దాన్ని ఒప్పుకోవాల్సిందే.

ఇంకో అనుమానం కూడా ఉంది, ఇది కొంచెం ఇబ్బందిగా చెబుతున్నాను. ఆ సోలెక్స్ మీద స్లో స్క్రూ తిప్పుతూ, ఒక చెవి బానెట్ కిందికి వంచి, నన్ను మాట్లాడొద్దని చేయి ఎత్తే నాన్న నాకు ఇప్పటికీ కనిపిస్తాడు. దాన్ని పీకి అల్మరాలో పెట్టడం నాకు ఇష్టం లేదన్నదే అసలు కారణమై, ఈ మీటర్లూ మిల్లీమీటర్లూ తర్వాత పోగుచేసుకున్న సాక్ష్యాలేమో. బావ అదే అన్నాడు ఫోన్‌లో. కాదని గట్టిగా అనలేకపోయాను. కానీ ఎస్.యు. మంచిది దొరికుంటే నిజంగానే మార్చేసేవాణ్ని కదా అని నన్ను నేను సమర్థించుకుంటున్నాను.

మొన్న ఆదివారం ఏలూరు వెళ్లొచ్చాం. హనుమాన్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు, బండి ఆగలేదు. తిరిగొచ్చి బానెట్ ఎత్తి చూస్తే పెట్రోలు పైపు చివర చెమ్మ. మూడు నెలల కిందట వేసిన రబ్బరు పైపు అప్పుడే ఉబ్బి మెత్తబడింది, అది ఈ కొత్త పెట్రోలు పనే. ఇథనాల్‌కి తట్టుకునే పైపు ఒక మీటరు తెచ్చి ఉంచాను, ఈ వారం మార్చాలి. డయాఫ్రం కూడా ఒకటి స్పేర్ కొన్నాను. రెండూ డ్యాష్‌బోర్డు అరలో ఉన్నాయి, ఎండలో ఇంజన్ పక్కనుండే పెట్రోలు పంపు వేడెక్కితే దానిమీద వేయడానికి నాన్న ఉంచిన తడిగుడ్డ పక్కన. గుడ్డ మాత్రం ఇప్పుడు పొడిగానే ఉంది.